ఎవరిని అడిగి తవ్వుతున్నారు?

గని ఒకచోట ఉంటుంది. దానికి అనుమతి ఇచ్చే గది ఇంకోచోట. తవ్విన సరుకు రైలో ఓడో ఎక్కే రేవు మరెక్కడో. ఈ మూడింటి మధ్యా వందల కిలోమీటర్ల దూరం ఉండటంతో ఒక చోట జరిగే నష్టం మరో చోట ఉన్నవాళ్ళ కంటబడదు. సంతకం పెట్టే అధికారికి నరికిన చెట్టు కనిపించదు. చెట్టు పోగొట్టుకున్న మనిషికి ఆ సంతకం ఎప్పుడు పడిందో తెలియదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఆ గది రాయ్‌పూర్‌లో ఉంది. అందుకే 2021 అక్టోబర్ 4న సర్గుజా జిల్లా ఫతేపూర్ నుంచి మూడు వందల యాభై మంది దాకా ఆదివాసులు కాలినడకన బయలుదేరారు. సుమారు 300 కిలోమీటర్లు నడిచి 13వ తేదీన రాయ్‌పూర్ చేరారు. మర్నాడు అప్పటి గవర్నర్ అనసూయా ఉయికేను కలిశారు. హస్‌దేవ్ అరణ్యంలో బొగ్గు గనులు వద్దన్నారు. పర్సా గనికి తమ గ్రామసభలు ఒప్పుకున్నట్టు చూపిస్తున్న తీర్మానాలు దొంగవని, విచారణ జరిపించమని కోరారు. సరిగ్గా వారానికి, అక్టోబర్ 21న, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అదే పర్సా గనికి తుది అటవీ అనుమతి ఇచ్చేసింది.

గని దగ్గర కాకుండా, గనిని నడిపించే ఊళ్ళోనో రేవులోనో జనం అడ్డుపడితే ఏమవుతుంది? ప్రపంచంలో చాలాచోట్ల ఈ ప్రయత్నం జరిగింది. కొన్నిచోట్ల ఫలించింది, చాలాచోట్ల ఫలించలేదు. ఎందుకు ఫలించింది, ఎందుకు లేదు అన్నదానికి జనం ఎంతమంది వచ్చారన్న లెక్క జవాబు చెప్పదని నా అభిప్రాయం. అనుమతి కాగితం ఎవరి చేతిలో ఉంది, ఆ కాగితం నిజమైనదా అన్న రెండు ప్రశ్నలే తేలుస్తాయి.

సియాటిల్ సంగతి చూద్దాం. మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ నగరం కాబట్టి చాలామందికి ఆ సముద్రం ఒడ్డు పరిచయమే. 2015 ఫిబ్రవరిలో అక్కడి రేవు యాజమాన్యం ఐదో టెర్మినల్‌ను ఫాస్ మారిటైమ్ అనే కంపెనీకి రెండేళ్ళ లీజుకిచ్చింది. ఆ కంపెనీ తెచ్చే ఖాతాదారు షెల్. అలాస్కాకు ఉత్తరాన చుక్చీ సముద్రంలో చమురు కోసం డ్రిల్లింగ్ చేసే నౌకల దండు ఇక్కడ లంగరు వేసుకుని సరంజామా నింపుకోవాలన్నది ఏర్పాటు. డ్రిల్లింగ్ జరిగేది వేల కిలోమీటర్ల అవతల. అక్కడ చమురు ఒలికినా సియాటిల్ తీరానికి మరక అంటదు. అయినా సియాటిల్ జనం ఒప్పుకోలేదు. 2012 డిసెంబర్ 31న ఇదే షెల్‌కు చెందిన కుల్లుక్ రిగ్గు తుఫానులో తాళ్ళు తెంచుకుని అలాస్కా ఒడ్డున నేలకెక్కింది. ఆ సంఘటన అప్పటికి ఎవరూ మరిచిపోలేదు. మంచు సముద్రంలో ప్రమాదం జరిగితే శుభ్రం చేసే దారే లేదన్నది వాళ్ళ మొదటి వాదన. వాతావరణాన్ని వేడెక్కించే చమురు కోసం, ఆ వేడికే కరుగుతున్న మంచులో వెతకడమేమిటన్నది రెండోది.

మే 14న పోలార్ పయొనీర్ రిగ్గు రేవులోకి వచ్చింది. రెండు రోజుల తర్వాత వందలమంది చిన్న కయాక్ పడవల్లో నీళ్ళమీద గుమిగూడారు. ఆ దృశ్యం ప్రపంచమంతా పత్రికల్లో చూసింది. కానీ అసలు పని అంతకు ముందే, ఒక ఆఫీసులో జరిగింది. సరుకు రవాణా టెర్మినల్‌గా ఇచ్చిన పర్మిట్ కింద రిగ్గును నిలుపుకోవడం కుదరదని, కొత్త పర్మిట్ తీసుకోవాలని మే 4న నగర ప్రణాళికా విభాగం తేల్చింది. మేయర్ ఎడ్ ముర్రే ఆ నిర్ణయం వెనక నిలబడ్డాడు. సియాటిల్ రేవును నడిపే ఐదుగురు కమిషనర్లను కింగ్ కౌంటీ ఓటర్లు ఎన్నుకుంటారు. కాబట్టి వాళ్ళ సమావేశాలకు వెళ్ళి జనం ముఖాముఖి నిలదీశారు. మే 12న ఆ కమిషనే, చట్టపరమైన అభ్యంతరాలు తేలేదాకా రిగ్గు రాకను ఆపమని కోరుతూ ఓటు వేసింది. షెల్ వినలేదు. జూన్ 15న రిగ్గు ఉత్తరానికి సాగిపోయింది. అడ్డంగా నిలిచిన పడవలవాళ్ళను అరెస్టు చేశారు. జూలైలో పోర్ట్‌లాండ్‌లో సెయింట్ జాన్స్ వంతెన నుంచి తాళ్ళకు వేలాడుతూ కార్యకర్తలు ఫెన్నికా అనే నౌకను ఆపారు. చివరికి అదీ వెళ్ళింది. సెప్టెంబర్ 28న షెల్ చుక్చీలో అన్వేషణ మానుకుంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి ఖర్చయింది సుమారు 700 కోట్ల డాలర్లు.

పడవలే షెల్‌ను ఆపాయని చెప్పడం సత్యం కాదు. తవ్విన బర్గర్ బావిలో లాభానికి సరిపడా చమురూ గ్యాసూ దొరకలేదు. ముడి చమురు ధర అంతకు ముందు ఏడాదితో పోలిస్తే సగానికి పడిపోయింది. నిబంధనలు కఠినంగా ఉన్నాయి. కానీ ఆ ఏడాదంతా ప్రతి అడుగుకూ ఆలస్యం, ప్రతి ఆలస్యానికీ ఖర్చు, ప్రతి ఖర్చుకూ ఒక పత్రికా శీర్షిక. మంచు కరిగి ఉండే కొద్ది నెలల్లోనే తవ్వకం ముగించాల్సిన కంపెనీకి ఇది చిన్న విషయం కాదు. 2016 డిసెంబర్‌లో ఒబామా చుక్చీ సముద్రాన్ని కొత్త లీజుల నుంచి తప్పించాడు. తర్వాతి ప్రభుత్వాలు ఆ నిర్ణయాన్ని తిప్పుతూనే ఉన్నాయి.

లీజు, పర్మిట్, కమిషన్ ఓటు. పట్టుకోవడానికి ఇన్ని పిడులు సియాటిల్ జనానికి దొరికాయి. మన రేవుల దగ్గర ఏముంది?

విశాఖ రేవు చరిత్ర బస్తర్‌తో పెనవేసుకుని ఉంది. అక్కడి బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లో ఒప్పందం జరిగింది. దానికోసమే కొత్తవలస నుంచి కిరందుల్ దాకా సుమారు 450 కిలోమీటర్ల రైలుమార్గం తూర్పు కనుమలను తొలిచి వేశారు. అరకుకు మనం సరదాగా వెళ్ళే రైలుదారి అదే. సొరంగాలు వచ్చినప్పుడు పిల్లలు కేకలు వేసే ఆ దారి ఖనిజం కోసం పుట్టింది. పెద్ద ఓడల్లో ఖనిజం నింపడానికి విశాఖలో ఔటర్ హార్బర్ కట్టారు, 1976లో అది మొదలైంది. ఆ తర్వాత కిరందుల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేశారు. నీళ్ళు కలిపిన ఖనిజపు పొడి అందులో పారుతుంది. బైలదిల్లా కొండల కింద శంఖిని, డంకిని నదుల నీళ్ళు ఎర్రబారాయని అక్కడి పల్లెలు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నాయి. ఇటు విశాఖ పాతనగరంలో డాబాల మీద, ఆరేసిన బట్టల మీద, ఊపిరితిత్తుల్లో ఖనిజం ధూళీ బొగ్గు ధూళీ పడుతున్నాయని ఇక్కడి జనం అంతకాలంగానే ఫిర్యాదు చేస్తున్నారు. ఒకే రైలుమార్గానికి రెండు కొసల్లో ఉన్న ఈ రెండు గుంపులూ ఒక చోట కూర్చుని మాట్లాడుకున్న సందర్భం నా ఎరుకలో లేదు. అదే నన్ను బాధపెట్టే విషయం.

విశాఖ రేవు కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాని బోర్డులో ఎవరుండాలో విశాఖ ఓటరు నిర్ణయించడు. ఏ సరుకు రావాలో, ఎవరికి బెర్తు ఇవ్వాలో ప్రజల ముందు ఓటింగ్ జరగదు. ఆ పక్కనే గంగవరం రేవు. దానికోసం మత్స్యకారులు తమ తీరాన్ని వదులుకోవాల్సి వచ్చింది. 2009లో మొదలైన ఆ రేవు 2021లో అదానీల చేతికి వెళ్ళింది. యజమాని మారినప్పుడు కూడా తీరం పోగొట్టుకున్నవాళ్ళు నిర్ణయంలో భాగస్వాములు కారు.

దారి సంగతి ఇంకా విచిత్రం. రైలుమార్గాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతే అక్కర్లేదు. రోడ్లు, గొట్టపు మార్గాలు, కరెంటు లైన్ల వంటి వాటికి అటవీ భూమి ఇచ్చేటప్పుడు గ్రామసభ సమ్మతి తప్పనిసరి కాదంటూ 2013 ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ సర్క్యులర్ ఇచ్చింది. అంటే గని ఉన్న ఊరికి కనీసం కాగితం మీదైనా నోరుంది. సరుకు నడిచే దారిలోని ఊళ్ళకు అదీ లేదు.

ఇప్పుడు రాయ్‌పూర్ నుంచి విశాఖకు సుమారు 465 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి వస్తోంది. ఛత్తీస్‌గఢ్ భాగానికి 2023 జూలై 7న రాయ్‌పూర్‌లోనే ప్రధాని శంకుస్థాపన చేశారు. ఉదంతి అభయారణ్యం దగ్గర 2.8 కిలోమీటర్ల సొరంగం, జంతువులు దాటడానికి 27 దారులు, కోతుల కోసం 17 వంతెనలు పెడుతున్నామన్నారు. జంతువుల గురించి ఆమాత్రం ఆలోచించడం మంచిదే. ఇదే రహదారికి రాయ్‌పూర్ పక్కన అభన్‌పూర్ ప్రాంతంలో సేకరించిన భూముల పరిహారంలో కాగితాలు తారుమారు చేశారన్న ఆరోపణల మీద 2025లో రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం దర్యాప్తు మొదలుపెట్టి, రెవెన్యూ సిబ్బందిని అరెస్టు చేసింది. ఈ వ్యాసంలో కాగితం అనే మాట పదేపదే రావడం అందుకే.

ఇక హస్‌దేవ్. కొర్బా, సర్గుజా, సూరజ్‌పూర్ జిల్లాల్లో దాదాపు 1,70,000 హెక్టార్ల అడవి. సాల వృక్షాలు, ఇప్ప, తునికి. ఏనుగుల దారి. మహానదికి ఉపనది అయిన హస్‌దేవ్‌కు ఇదే పరీవాహక ప్రాంతం. దిగువన బాంగో జలాశయం, దాని కింద జాంజ్‌గీర్-చాంపా పొలాలు. నేల అడుగున అయిదు వందల కోట్ల టన్నుల బొగ్గు. 2010లో కేంద్రమే ఈ అడవిని తవ్వకూడని ప్రాంతంగా గుర్తించింది. 2011 జూన్‌లో అటవీ సలహా కమిటీ వద్దన్నా, అప్పటి మంత్రి జైరాం రమేశ్ అడవి అంచున ఉందన్న కారణంతో పర్సా ఈస్ట్-కాంతా బాసన్ గనికి ప్రాథమిక అనుమతి ఇచ్చారు. 2013లో తవ్వకం మొదలైంది. కేతె అనే ఊరు మొత్తం ఖాళీ అయిపోయింది. 2014 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ అనుమతిని కొట్టేసింది. కొన్ని వారాల్లోనే సుప్రీంకోర్టు పని కొనసాగించుకోనిచ్చింది.

గని రాజస్థాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థది. తవ్వేది అదానీ సంస్థ. ఈ ఏర్పాటును తెలుగు పాఠకులు జాగ్రత్తగా చూడాలి. విశాఖ మన్యంలో కాల్సైట్ గనుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. సర్గుజా కూడా అయిదో షెడ్యూల్ ప్రాంతమే. అక్కడ కాగితం మీద పేరు ప్రభుత్వ సంస్థది, గోతిలో యంత్రాలు ప్రైవేటువి. తీర్పు అక్షరం చెక్కుచెదరలేదు, దాని ప్రాణం మాత్రం పోయింది.

2014 నుంచి ఆ ప్రాంతంలో ఇరవై దాకా గ్రామసభలు గనులు వద్దని తీర్మానాలు చేశాయి. 2016 జనవరి 8న ఘట్‌బర్రా గ్రామానికి అంతకుముందు ఇచ్చిన సాముదాయిక అటవీ హక్కులనే జిల్లా యంత్రాంగం రద్దు చేసింది. పర్సా గనికి ఫతేపూర్, హరిహర్‌పూర్, సాల్హీ గ్రామసభలు 2017, 2018లో ఒప్పుకున్నాయంటూ తీర్మానాలు బయటికొచ్చాయి. మేం ఆ సభల్లో ఆ మాటే ఎత్తలేదని ఊరివాళ్ళు మొదటినుంచీ అంటున్నారు. 2021లో 300 కిలోమీటర్లు నడిచింది ఆ మాట చెప్పడానికే. 2024లో రాష్ట్ర షెడ్యూల్డ్ తెగల కమిషన్ విచారణ జరిపి ఊరివాళ్ళు చెప్పిందే నిజమని, ఆ తీర్మానాలు సృష్టించినవని తేల్చింది.

వాళ్ళు నడిచొచ్చాక రెండేళ్ళ పైచిలుకు కాలంలో రాయ్‌పూర్ మూడు ముఖాలు చూపించింది. 2022 మార్చి 25న రాజస్థాన్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లోత్ రాయ్‌పూర్ వచ్చి, మా విద్యుత్ కేంద్రాలు ఆగిపోతాయని ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌ను అభ్యర్థించారు. ఇద్దరిదీ ఒకే పార్టీ. ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పర్సాకు అనుమతి ఇచ్చింది. ఆ జూలైలోనే రాష్ట్ర శాసనసభ హస్‌దేవ్‌లో గనులన్నీ రద్దు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. కొద్ది రోజుల్లోనే పోలీసు కాపలాలో పర్సా ఈస్ట్ రెండో దశ కోసం 15 వేల పైచిలుకు చెట్లు నరకడం మొదలైంది. శాసనసభ తీర్మానాన్ని ఎవరూ రద్దు చేయలేదు. అది అలాగే ఉంది.

హరిహర్‌పూర్‌లో 2022 మార్చి 2న మొదలైన ధర్నాలో ఊళ్ళ ఆడవాళ్ళు వంతులవారీగా కూర్చున్నారు, రాత్రిళ్ళు చెట్లకు కాపలా కాశారు. ఆ పోరాటంలో ఉన్న ఛత్తీస్‌గఢ్ బచావో ఆందోళన్ నాయకుడు ఆలోక్ శుక్లాకు 2024లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. రాయ్‌పూర్‌లో మాత్రం బూఢా తాలాబ్ దగ్గర నగరం నడిబొడ్డున ఉండే ధర్నా స్థలాన్ని నవా రాయ్‌పూర్‌లోని తూతాకు మార్చేశారు. అంత దూరం నడిచొచ్చినవాళ్ళ గొంతు వినబడాల్సింది నగరానికి. దాన్ని ఊరి బయటికి పంపడం నాకు చిన్న పాలనా మార్పులా అనిపించదు.

బైలదిల్లాలోనూ ఇదే కథ, కాకపోతే అక్కడ ఫలితం వేరు. 2019 జూన్‌లో నందరాజ్ కొండ మీది 13వ నంబరు నిక్షేపం కోసం తవ్వకం మొదలవుతుందని తెలిసి వేలమంది ఆదివాసులు కిరందుల్‌లో గనుల సంస్థ ఎన్ఎండీసీ గేటు ముందు వారంపాటు కూర్చున్నారు. ఆ కొండ వాళ్ళ దేవుడిది. హిరోలీ గ్రామసభ 2014లో ఒప్పుకున్నట్టున్న కాగితం మీద విచారణకు రాయ్‌పూర్ ఆదేశించింది. అలాంటి సభే జరగలేదని విచారణలో బయటపడింది. పనులు ఆగాయి. వారంపాటు గేటు మూసుకుపోతే నష్టమెంతో కంపెనీకి వెంటనే తెలుస్తుంది. రేవులో అయినా గేటు దగ్గరైనా నిరసనకు బలం ఇచ్చేది ఆ లెక్కే.

ఇక ఒడిశాలోని నియమగిరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు వేదాంత బాక్సైట్ గని సంగతి గ్రామసభలే తేల్చాలంది. అంతటితో ఆగలేదు, జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలకుడిగా ఉండాలంది. ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో అక్కడి పన్నెండు పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఒక్క దొంగ సంతకానికి తావు దొరకలేదు. హస్‌దేవ్‌లో సభలకూ నియమగిరిలో సభలకూ ఉన్న తేడా ధైర్యంలో లేదు, మెజారిటీలో లేదు. ఎదురుగా కూర్చుని రాసుకునే న్యాయాధికారి ఉన్నాడా లేడా అన్నదే తేడా.

ఆస్ట్రేలియాలో అదానీల కార్మైకేల్ బొగ్గు గని, దాని రేవు అబాట్ పాయింట్ విషయంలో పోరాటం బ్యాంకుల దగ్గర జరిగింది. ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు వరసగా తప్పుకున్నాయి. గని ఆగలేదు. కానీ ఏడాదికి ఆరు కోట్ల టన్నులనుకున్నది కోటి టన్నుల స్థాయికి కుదించుకుని, సొంత డబ్బుతో మొదలుపెట్టాల్సి వచ్చింది. శ్రీకాకుళం సోంపేటలో 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన రోజునే పర్యావరణ అప్పీళ్ళ అథారిటీ అక్కడ తలపెట్టిన థర్మల్ కేంద్రం అనుమతిని రద్దు చేసింది. బీల అనే చిత్తడి నేలలు నిలిచాయి. ఆ తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అన్న ఆలోచన ఎప్పుడు గుర్తొచ్చినా గుండె బరువెక్కుతుంది.

అవతలి మాట కూడా వినాలి. రాజస్థాన్‌కు కరెంటు కావాలి, అది అబద్ధం కాదు. సర్గుజాలో గనిలో ఉద్యోగం దొరికినవాళ్ళు గని నడవాలని కలెక్టరేటుకు వెళ్ళి అడిగారు. సియాటిల్‌లోనూ రేవు కార్మికుల్లో కొందరు ఆ లీజు వల్ల పని దొరుకుతుందని సమర్థించారు. అలాస్కా ఇనుపియాట్ జనంలో కొందరికి షెల్ ప్రాజెక్టులో వాటా ఉంది. ఈ మనుషులను అమ్ముడుపోయినవాళ్ళని కొట్టిపారేయడం అన్యాయం. ఇంకోచోట ఉపాధి చూపని ప్రభుత్వానిదే ఆ తప్పు. కానీ కరెంటు అవసరం అడవి తవ్వకానికి దానంతటదే సమాధానం కాదు. ఉన్న పర్సా ఈస్ట్ గనిలోనే 35 కోట్ల టన్నుల నిల్వ ఉందని, రాజస్థాన్ అవసరాలకు ఇరవై ఏళ్ళు సరిపోతుందని, కొత్త బ్లాకులు అక్కర్లేదని 2023 జూలైలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడో తవ్వుతారన్న వాదన కూడా ఉంది. ఆ ఇంకెక్కడోవాళ్ళు కూడా అడగడం నేర్చుకుంటే ఆ వాదన బలహీనపడుతుంది.

రాయ్‌పూర్‌లో రైల్వేల్లో, ఉక్కు పరిశ్రమల్లో, వ్యాపారాల్లో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతేమీ కాదు. ఉర్లా, సిల్తరా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పొగ ఈ నగరం డాబాల మీద నల్లటి పొరగా పడుతుంది. విశాఖ పాతనగరం తుడుచుకునే ధూళీ ఇదే జాతిది. ఒక కొస రాయ్‌పూర్ అయితే ఇంకో కొస విశాఖ. మధ్యలో రైలు, రోడ్డు.

2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ నియమాలు కేంద్రం తుది అనుమతి ఇచ్చిన తర్వాత, రాష్ట్రం చివరి ఆదేశం ఇచ్చేముందు హక్కుల సంగతి చూసుకోవచ్చన్నాయి. అంటే అడగడం అన్నిటికన్నా చివరకు జరిగింది. దీన్ని తిరగరాయాలి. గ్రామసభ ముందు, న్యాయాధికారి ఎదుట, వీడియో సాక్ష్యంతో జరగాలి. రైలుమార్గానికీ గొట్టపు మార్గానికీ రేవు బెర్తుకూ విడివిడిగా కాకుండా, గని నుంచి ఓడదాకా మొత్తం ఒకే ప్రాజెక్టుగా చూసి బహిరంగ విచారణ పెట్టాలి. బస్తర్‌లో ఒకటి, విశాఖలో ఒకటి, రెండు చోట్లా అవే పత్రాలతో, హిందీలో, గోండీలో, తెలుగులో.

ఇది వెంటనే అవసరమైన పని. హస్‌దేవ్‌లో తర్వాతి బ్లాకు కేంతె ఎక్స్‌టెన్షన్. 1,700 హెక్టార్లకు పైగా భూమి, దాదాపు అంతా దట్టమైన అడవి. 2024 ఆగస్టు 2న దానిమీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, వ్యతిరేకత గట్టిగా నమోదైంది. 2025 జూన్‌లో సర్గుజా అటవీ అధికారి ఆ భూమిని గనికి ఇవ్వడానికి సిఫారసు చేశారు.